దాడికి దిగే డిఫెన్స్‌మన్‌ను అంచనా వేయడం ఎలా? ఐస్ హాకీ కుర్రాళ్ల భవిష్యత్తుపై బెజవాడ నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

ధనుర్మాసంలో మా సత్యనారాయణపురం గుడి మైకులో తిరుప్పావై వినిపించే వేళకు నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటాను. టొరంటోలో రాత్రి ఏడింటికి మొదలయ్యే మ్యాచ్ చలికాలంలో మనకు ఉదయం ఐదున్నరకు వస్తుంది. డెన్వర్‌లో అయితే ఏడున్నరకు. కుర్రతనంలో నేను గడ్డి మీద హాకీ ఆడాను, ఫుల్‌బ్యాక్‌గా. మంచు మీద ఆడే హాకీ పిచ్చి పట్టుకున్నది చాలా తర్వాత. అందులోనూ నా కళ్లు ఎప్పుడూ డిఫెన్స్ వాళ్ల మీదే ఉంటాయి.

ఇది రాయడానికి కారణం మా పిన్ని కొడుకు. గుంటూరులో పుట్టి పెరిగి, కెనడాలో స్థిరపడ్డాడు. వాడి అబ్బాయికి పదహారేళ్లు, డిఫెన్స్ ఆడతాడు, కానీ పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) దొరికితే ముందుకు దూసుకెళ్లే రకం. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, వీడు ప్రొఫెషనల్‌గా ఆడగలడా, లేక మేమే ఆశ పెంచుకుంటున్నామా? వీడియోలు పంపిస్తాను, నువ్వే చూసి చెప్పు" అన్నాడు. మొదట నాలుగు నిమిషాల హైలైట్స్ పంపాడు. అది చూసి నేను తొందరపడి, "అద్భుతంగా ఆడుతున్నాడురా, ఏ ఢోకా లేదు" అనేశాను. ఆ తర్వాత మూడు పూర్తి మ్యాచ్‌లు చూశాక ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఒక తండ్రికి తప్పు ధైర్యం ఇచ్చానన్న బాధ నాకు చాలా రోజులు ఉంది. అప్పటి నుంచి ఒక పద్ధతి ప్రకారం చూడటం మొదలుపెట్టాను. ఆ పద్ధతే ఇది.

మొదట: ఎన్ని కుర్చీలు ఉన్నాయో తెలుసుకోండి

ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్. దాని రింక్, అంటే మంచు మైదానం, పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. చుట్టూ బోర్డులు, వాటి పైన అద్దం. అడ్డంగా రెండు నీలి గీతలు, అంటే బ్లూ లైన్లు, ఒక్కో జట్టు వైపు ఒకటి. దాడిలో డిఫెన్స్‌మెన్ మామూలుగా నిలబడేది ఎదుటి జట్టు వైపు గీత దగ్గర. గోలీ కాక ఒక్కో జట్టుకు ఐదుగురు: ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెన్స్‌మెన్. మ్యాచ్‌కి మామూలుగా ఆరుగురు డిఫెన్స్‌మెన్ మూడు జతలుగా దిగుతారు, ముప్పావు నిమిషానికి అటూ ఇటూగా జతలు మారుతూ ఉంటాయి. గోల్ కొట్టినా, గోల్‌కి దారితీసిన పాస్ ఇచ్చినా ఒక పాయింట్. ఒక గోల్‌కి ఇద్దరి వరకు అసిస్ట్ రాస్తారు.

డిఫెన్స్ ఆటగాడు గోల్స్ కొట్టడం మనకు కొత్తేమీ కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 10 గోల్స్ కొట్టిన అప్పటి మన కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ డిఫెండరే. కానీ ఆయన గోల్స్ ప్రధానంగా పెనాల్టీ కార్నర్లు, స్ట్రోకుల నుంచి వస్తాయి, అంటే ఆట ఆగి మళ్లీ మొదలయ్యే చోట. ఐస్ హాకీలో దాడికి దిగే డిఫెన్స్‌మన్ నడుస్తున్న ఆటలోనే దారి వెతుక్కోవాలి. ఈ శైలికి ఆద్యుడిగా చెప్పుకునే బాబీ ఓర్ 1969-70లోను, 1974-75లోను లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించాడు. ఇంతవరకు మరే డిఫెన్స్‌మన్‌కూ అది సాధ్యం కాలేదు.

ఇప్పుడు అసలు లెక్క. ఎదుటి జట్టు ఆటగాడు తప్పు చేసి రెండు నిమిషాలు బయట కూర్చుంటే, ఈ జట్టుకు ఒక మనిషి ఎక్కువ. దాన్నే పవర్ ప్లే అంటారు. ఈ రోజుల్లో దాదాపు ప్రతి జట్టూ మొదటి పవర్ ప్లే దళంలో నలుగురు ఫార్వర్డ్‌లను, ఒక్క డిఫెన్స్‌మన్‌నే దించుతుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్లు 32. అంటే ప్రపంచం మొత్తం మీద ఆ కుర్చీలు కూడా దాదాపు 32 మాత్రమే. ఆ కుర్చీ దక్కని దాడి డిఫెన్స్‌మన్ మామూలు ఐదుగురి ఆటలో కోచ్ నమ్మేలా ఆడకపోతే, జట్టులో అతనికి పనే ఉండదు. జూనియర్ స్థాయిలో పాయింట్లు కుప్పలు పోసిన కుర్రాళ్లు కింది లీగ్‌లోనో యూరప్‌లోనో ఆగిపోవడానికి పెద్ద కారణం ఇదే. కాబట్టి పాయింట్ల పట్టికను చివర తెరవండి. ముందు చూడాల్సింది వేరే ఉంది.

వయసు లెక్క సరిచూసుకోండి

లీగ్ జట్లు ఏటా కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి ఆ ఏడాది సెప్టెంబరు 15 నాటికి పద్దెనిమిదేళ్లు నిండాలి. సెప్టెంబరు 14న పుట్టినవాడు, అంతకు ముందు ఏడాది సెప్టెంబరు 20న పుట్టినవాడు ఒకే డ్రాఫ్ట్‌లో ఉంటారు. ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా. పదిహేడేళ్ల వయసులో ఒక ఏడాది అంటే ఎత్తు, బరువు, కాళ్ల బలం అన్నీ మారిపోతాయి. అందుకే నోట్‌బుక్‌లో పేరు పక్కన మొట్టమొదట రాయాల్సింది పుట్టిన తేదీ.

డిఫెన్స్ వాళ్లు ఫార్వర్డ్‌ల కంటే ఆలస్యంగా పండుతారు. నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్‌ను 1989లో 53వ ఆటగాడిగా తీసుకున్నారు. తర్వాత ఆయన ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీని ఏడుసార్లు గెలిచాడు. 2016లో 66వ స్థానంలో ఎంపికైన ఆడమ్ ఫాక్స్ 2021లో నోరిస్ అందుకున్నాడు. 2022లో లేన్ హట్సన్ 62వ స్థానం దాకా జారిపోయాడు, ఎత్తు తక్కువన్న అనుమానమే అందుకు ముఖ్య కారణం. 2024-25లో 66 పాయింట్లు చేసి, ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. ఈ ముగ్గురిలో ఎవరూ కండబలంతో నెగ్గుకొచ్చినవాళ్లు కాదు. ముందే చూసి, ముందే ఆలోచించి నెగ్గారు. ఎత్తు తక్కువైన కుర్రాణ్ని మొదటి చూపులోనే కొట్టిపారేయకండి. అలాగని హట్సన్ ఎదిగాడు కాబట్టి మనవాడూ ఎదుగుతాడని తీర్మానించుకోనూ వద్దు.

ఏ చేతివాటమో కూడా రాయండి. కుడి వైపు స్టిక్ పట్టే డిఫెన్స్‌మెన్ తక్కువగా దొరుకుతారు, జట్లు వాళ్ల కోసం వెతుక్కుంటాయి. ఒకే స్థాయి ఆటగాళ్లు ఇద్దరుంటే ఇది తూకాన్ని మార్చగలదు.

పూర్తి మ్యాచ్‌లు, ఒక్కడి మీదే కళ్లు

హైలైట్స్ తల్లిదండ్రుల సంతోషం కోసం. అంచనాకు కనీసం ఐదారు పూర్తి మ్యాచ్‌లు కావాలి. వాటిలో రెండు తమకంటే బలమైన జట్టు మీద ఆడినవి ఉండాలి. ఒకటి వరుసగా రెండో రోజు ఆడినది, అంటే కాళ్లు అలసిన మ్యాచ్. ఒకటి చిత్తుగా ఓడినది. గెలుస్తున్నప్పుడు అందరూ బాగానే కనిపిస్తారు. నాలుగు గోల్స్ వెనకబడి ఆడే మూడో పీరియడ్‌లో, అంటే మ్యాచ్ ఆఖరి భాగంలో, కుర్రాడు వెనక్కి పరిగెత్తి వస్తున్నాడా, చేతులెత్తేశాడా అన్నది చూడాలి.

చూసేటప్పుడు పక్ వెంట కళ్లు పోనివ్వకండి. ఇది మొదట్లో చాలా కష్టం. క్రికెట్ చూసి పెరిగిన మనకు బంతి వెంట పోవడమే అలవాటు. కుర్రాడి జెర్సీ నంబర్ మీదే చూపు నిలపండి, పక్ అతని దగ్గర లేనప్పుడు కూడా. అతను మంచు మీద ఉండే సమయంలో పక్ చేతిలో ఉండేది చాలా కొద్దిసేపు. మిగతా సమయమంతా ఎక్కడ నిలబడ్డాడు, ఎటు చూస్తున్నాడు అన్నదాంట్లోనే సగం జవాబు ఉంటుంది.

ఒక చిక్కు ఉంది. స్థానిక మ్యాచ్‌ల వీడియోల్లో కెమెరా పక్ వెంటే తిరుగుతుంది, మన కుర్రాడు ఫ్రేములోంచి తప్పిపోతాడు. మా తమ్ముడికి చెప్పి పై మెట్ల మీద నుంచి ఫోన్‌తో విడిగా తీయించాను. చేయి వణికినా సరే, పనికొచ్చింది.

కాళ్లు: నేరుగా పోయే వేగం ఆఖరున

పటమటలోనో గాంధీనగర్‌లోనో పిల్లల్ని రోలర్ స్కేటింగ్‌కి తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఇది త్వరగా అర్థమవుతుంది. నేరుగా పరిగెత్తడం చాలామందికి వస్తుంది. తేడా తెలిసేది మలుపులో. డిఫెన్స్‌మన్ వెనక్కి స్కేట్ చేస్తూ ఒక్కసారిగా ముందుకు తిరగాలి, ముందుకు పోతూ పక్కకు జారాలి. ఆ తిరుగుడులో వేగం ఎంత పోతోందో చూడండి. ఎడమకు బాగా తిరిగి కుడికి తిరిగేటప్పుడు తడబడేవాళ్లు చాలామంది ఉంటారు. ఎదుటి జట్టు స్కౌట్ అది రెండు మ్యాచ్‌ల్లో కనిపెడతాడు.

తర్వాత మొదటి మూడు అడుగులు. ఆగి ఉన్నచోటు నుంచి మూడు అడుగుల్లో ఎంత దూరం పోతున్నాడు? చివరిది, అన్నిటికంటే అరుదైనది, మోసపుచ్చే కదలిక. ఎన్‌హెచ్‌ఎల్‌లో పేరున్న దాడి డిఫెన్స్‌మన్ కేల్ మకార్ బ్లూ లైన్ మీద పక్కకు జారుతూ తుంటి ఒకవైపు, భుజాలు మరోవైపు తిప్పుతాడు. ఎదుటివాడు ఒక్క క్షణం తప్పు వైపు బరువు వేస్తాడు, అంతే, దారి తెరుచుకుంటుంది. ఇది సాధనతో కొంత వస్తుంది, కానీ పదహారేళ్లకు ఆ ఛాయలు కనిపించాలి.

వెనక మూలలో రెండు సెకన్లు

మొత్తం మార్గదర్శిలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఈ భాగాన్ని గుర్తుంచుకోండి.

ఎదుటి జట్టు పక్‌ను మన వైపు మూలలోకి కొట్టి వెంటపడుతుంది. డిఫెన్స్‌మన్ మైదానానికి వీపు తిప్పి ఆ పక్ కోసం పరిగెత్తాలి. వెనక నుంచి ఒకడు ఢీకొట్టడానికి వస్తున్నాడు. ఆ రెండు సెకన్లలో ఏం చేస్తాడన్న దాని మీదే అతని భవిష్యత్తు ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఎందుకంటే దాడి మొదలయ్యేది అక్కడే. పక్ శుభ్రంగా బయటకు రాకపోతే ఎంత గొప్ప షాట్ ఉన్నా కొట్టే అవకాశం రాదు. పై స్థాయిలో వెంటపడేవాళ్లు వేగంగా, బరువుగా ఉంటారు. జూనియర్‌లో దొరికిన ఆ అర సెకను అక్కడ ఉండదు.

నాలుగు విషయాలు వరుసగా చూడండి. మొదటిది, పక్ చేరేలోపు భుజం మీదుగా వెనక్కి ఎన్నిసార్లు చూశాడు? బెంజ్ సర్కిల్‌లో బండి పక్కకు తిప్పేవాడు ముందే వెనక చూసుకుంటాడు కదా, అలా. ఒక్కసారి చూస్తే వెంటపడేవాడు కనిపిస్తాడు. రెండోసారి చూస్తే తన జట్టువాళ్లు ఎక్కడున్నారో కూడా తెలుస్తుంది. రెండోది, పక్ దగ్గరికి నేరుగా పోతున్నాడా, కొంచెం వంపు తీసుకుని, ఒకవైపు పోతున్నట్టు నటించి రెండోవైపు తిరుగుతున్నాడా? మూడోది, మొదటి తాకిడి. పక్ స్టిక్‌కి తగలగానే పాస్‌కి సిద్ధంగా ఉందా, లేక రెండుమూడు సార్లు సర్దుకుంటున్నాడా? నాలుగోది ఫలితం.

ఫలితం కోసం నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: పాస్‌తో బయటకు తెచ్చాడు, తానే మోసుకొచ్చాడు, చూడకుండా అద్దం మీదుగా కొట్టేశాడు, పోగొట్టాడు. ప్రతి సందర్భానికీ ఒక గీత. పక్కనే మరో గడిలో వెనక్కి చూశాడా లేదా అని టిక్కు. మా తమ్ముడి అబ్బాయి మొదటి మ్యాచ్‌లో 14 సందర్భాలు వచ్చాయి. వెనక్కి చూసింది 5 సార్లే. హైలైట్స్‌లో వాటిలో ఒక్కటీ లేదు.

అద్దం మీదుగా కొట్టడం ఎప్పుడూ తప్పేనని అనుకోకండి. మీద పడటానికి ఇద్దరు వచ్చేస్తే అదే తెలివైన పని. బోర్డుకు కొట్టి తన జట్టువాడికి చేరేలా చేసే పాస్ అయితే మంచి నైపుణ్యం కిందే లెక్క. క్యారమ్స్‌లో రీబౌండ్ కోణం తెలిసినవాడికి అది చూడగానే నచ్చుతుంది. నా సొంత కొలత ఏమిటంటే, బలమైన జట్ల మీద పదింటిలో ఆరుసార్లు పక్ తన జట్టు అదుపులోనే బయటకు వస్తే ఆ కుర్రాణ్ని వదలకుండా చూస్తూ ఉంటాను.

బ్లూ లైన్ దగ్గర

ఇక అందరూ చూసే భాగం. స్టిక్ వెనక్కి ఎత్తి బాదే గట్టి స్లాప్ షాట్‌కి మురిసిపోవద్దు. ఈ రోజుల్లో ఎదుటి జట్టువాళ్లు ఒళ్లు అడ్డంపెట్టి షాట్లు ఆపుతారు, ఎంత గట్టిగా కొట్టినా కాలికి తగిలి ఆగితే ఎదురుదాడికి దారి ఇచ్చినట్టే. చూడాల్సింది, షాట్ గోల్ దాకా వెళ్తోందా అన్నది. తల పైకెత్తి, గీత వెంట పక్కకు జరిగి, సందు దొరకగానే మణికట్టుతో కొట్టేవాడు, గోల్ ముందున్న తనవాడి స్టిక్‌కి తగిలేలా తక్కువ ఎత్తులో కొట్టేవాడు ముందుకు పోతాడు.

పవర్ ప్లేని, ఐదుగురికి ఐదుగురు ఆడే సమయాన్ని వేర్వేరు పేజీల్లో రాయండి. పవర్ ప్లేలో స్థలం ఎక్కువ దొరుకుతుంది కాబట్టి అక్కడి పాయింట్లు చూసి మోసపోవడం సులువు. ఐదుగురి ఆటలో పక్ లేకుండా ముందుకు చొరబడి, ఫార్వర్డ్‌కి పాస్ దారిగా మారుతున్నాడా? అది దాడి చేసే బుద్ధికి అసలైన గుర్తు.

సాహసం, తొందరపాటు: తేడా ఎలా పట్టాలి

ఇక్కడ నాకు కబడ్డీ గుర్తొస్తుంది. రైడ్‌కి పోయేవాడు లోపలికి ఎంత దూరం పోయాడన్నదే కాదు, గీత దాటి తిరిగి రాగలడా అని కూడా చూస్తాం. దాడికి దిగే డిఫెన్స్‌మన్ కూడా అంతే. ముందుకు పోయిన ప్రతిసారీ మూడు ప్రశ్నలు రాయండి. అతని ఖాళీని కాపాడటానికి ఒక ఫార్వర్డ్ వెనక ఉన్నాడా? జోడీ ఆటగాడు అలసి ఉన్నాడా? స్కోరెంత, సమయమెంత? ఒక గోల్ ఆధిక్యంతో చివరి నిమిషంలో ఉన్నప్పుడు నలుగురి మధ్యలోకి దూరితే అది తొందరపాటు, గోల్ వచ్చినా సరే. రెండో పీరియడ్‌లో వెనక కాపలా చూసుకుని దూరితే అది సరైన నిర్ణయం, పక్ పోయినా సరే. ఫలితాన్ని కాక నిర్ణయాన్ని లెక్కించడం అలవాటు కావడానికి నాకు రెండు సీజన్లు పట్టింది.

పక్ పోగొట్టుకున్న తర్వాత ఐదు సెకన్లు ఆపి మళ్లీ చూడండి. తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తున్నాడా, రిఫరీ వైపు చేతులు చాపుతున్నాడా, వెంటనే తిరిగి వెంటపడ్డాడా?

రక్షణలో పెద్ద దేహంతో ఢీకొట్టడం తప్పనిసరి కాదు. మీదికి వస్తున్నవాడికీ తనకూ మధ్య దూరాన్ని తగ్గించి పెట్టుకోవడం, స్టిక్‌తో పాస్ దారి మూయడం, గోల్ ముందు తన మనిషిని వదలకపోవడం, ఈ మూడూ చాలు. దూరం ఎక్కువ ఇచ్చి వెనక్కి వెనక్కి పోయేవాడు తన కాళ్ల మీద తనకే నమ్మకం లేనివాడు. బాగా స్కేట్ చేసే కుర్రాడు అలా చేస్తుంటే దాన్ని కోచింగ్‌తో సరిదిద్దవచ్చు, ఆ మాట విడిగా రాయండి.

ఇప్పుడు పాయింట్ల పట్టిక

మకార్ 2016-17లో అల్బెర్టాలోని జూనియర్ లీగ్‌లో 54 మ్యాచ్‌ల్లో 75 పాయింట్లు చేశాడు. పెద్ద జూనియర్ లీగ్‌ల కంటే అది కింది స్థాయి. రాస్మస్ డాలిన్ 2017-18లో స్వీడన్ అగ్రశ్రేణి లీగ్‌లో 41 మ్యాచ్‌ల్లో 20 పాయింట్లే చేశాడు. మకార్ 2017లో నాలుగో స్థానంలో, డాలిన్ 2018లో మొదటి స్థానంలో ఎంపికయ్యారు. అంకెలే చూస్తే ఇది వింతగా ఉంటుంది. కానీ డాలిన్ పదిహేడేళ్లకే పెద్దవాళ్లతో, జీతానికి ఆడే మగాళ్లతో ఆడుతున్నాడు. మకార్ తర్వాత రెండేళ్లు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆడి, 2022లో నోరిస్‌తో పాటు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి అవార్డు కూడా గెలిచాడు. ఏ లీగ్, ఏ వయసు, ఎంతసేపు ఆడించారు అన్నవి పక్కన లేకుండా పాయింట్లు చదవకండి.

అసిస్టుల్లో మొదటి పాస్ ఎన్ని, రెండోది ఎన్ని అని విడదీయండి. రెండో అసిస్ట్ కొన్నిసార్లు అదృష్టం. ప్లస్-మైనస్ అనే అంకె (అతను మంచు మీద ఉండగా జట్టు కొట్టిన గోల్స్‌కూ ఇచ్చిన గోల్స్‌కూ తేడా) మాత్రం జట్టు బలాన్ని చెబుతుంది తప్ప కుర్రాడి గురించి పెద్దగా చెప్పదు, నేను దాన్ని పక్కన పెడతాను.

కోచ్‌ని ఏమడగాలి

"మంచి కుర్రాడేనా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "చివరి రెండు నిమిషాల్లో ఒక గోల్ ఆధిక్యం ఉంటే ఇతన్ని దించుతారా?" అని అడగండి. జవాబుకు ముందు వచ్చే మౌనాన్ని కూడా రాసుకోండి.

నివేదిక

ఒకటే మాటలో తీర్పు వద్దు. మూడు మెట్లుగా రాయండి: అన్నీ కలిసొస్తే ఎక్కడిదాకా, ఎక్కువ అవకాశం ఉన్నది ఎక్కడ, ఎదుగుదల ఆగిపోతే ఎక్కడ. ఎన్‌హెచ్‌ఎల్ మొదటి జతకు, ఆ కింది ఏహెచ్‌ఎల్‌కు, స్వీడన్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్, జర్మనీ లీగ్‌లకు మధ్య చాలా మెట్లున్నాయి. యూరప్ లీగ్‌లో పదేళ్లు ఆడి కుటుంబాన్ని పోషించుకోవడం కూడా ప్రొఫెషనల్ జీవితమే, మన వాళ్లు దాన్ని చిన్నచూపు చూడకూడదు. పోలిక చెప్పాల్సి వస్తే ఒక్క నైపుణ్యానికే చెప్పండి. "బ్లూ లైన్ మీద కదలిక ఫలానా ఆటగాడిలా" అనవచ్చు. "రేపటి మకార్" అని పిల్లాడి నెత్తిన పెట్టడం అన్యాయం.

చదువు సంగతి కూడా చేర్చండి. ఇంతకుముందు కెనడా పెద్ద జూనియర్ లీగ్‌లలో ఆడితే అమెరికా కాలేజీ హాకీకి తలుపు మూసుకుపోయేది. 2025-26 సీజన్ నుంచి ఆ అడ్డు తొలగింది. పదహారేళ్లకే ఒక దారికి కట్టుబడాల్సిన టెన్షన్ తల్లిదండ్రులకు కొంత తగ్గింది.

మా తమ్ముడి అబ్బాయి గురించి నేను ఇలా రాసి పంపాను: "కాళ్లు చాలా బాగున్నాయి, రెండు వైపులా సమానంగా తిరుగుతాడు. పవర్ ప్లేలో చూపు మంచిది. మూలలో వెనక్కి చూడడు, అందుకే ఒత్తిడిలో పక్ పోతోంది. ఇది మారితే కాలేజీ హాకీ, అక్కడి నుంచి యూరప్ లేదా ఏహెచ్‌ఎల్. మారకపోతే జూనియర్‌తో సరి. నవంబరులో పుట్టాడు కాబట్టి డ్రాఫ్ట్‌కి ముందు ఒక ఏడాది ఎక్కువ దొరుకుతుంది. తొందరపెట్టవద్దు." మా తమ్ముడు రెండు రోజులు ఫోన్ చేయలేదు. మూడో రోజు ఆ కాగితాన్ని అబ్బాయికే ఇచ్చేశానని చెప్పాడు.

ఇప్పుడు ప్రతి మ్యాచ్ తర్వాత ఫోన్ చేసేది వాడే. గోల్స్ గురించి చెప్పడు. వచ్చీరాని తెలుగులో ఒకటే అడుగుతాడు: "పెదనాన్నా, ఈసారి ఎన్ని?" మొన్న ఆదివారం పన్నెండింటిలో తొమ్మిది.